తెల్లవారితే తుమ్ములు

పక్క మీంచి లేస్తూనే తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసన పదో పదిహేనో. ముక్కులోంచి నీళ్లు ధారగా కారుతూ వుంటాయి. కళ్లు నవ, అంగిలి నవ, చెవుల లోపల కూడా నవ. స్నానం చేసి, కాస్త ఎండ ఎక్కేసరికి సర్దుకుంటుంది. జ్వరం వుండదు, ఒళ్లు నొప్పులుండవు. మర్నాడు తెల్లవారితే మళ్లీ మొదలు. ఇలా ఏళ్ల తరబడి అవస్థపడే వాళ్లు మన తిరుపతిలోనూ చిత్తూరులోనూ వీధికొకరు కనిపిస్తారు. ఏమిటమ్మా జబ్బు అని అడిగితే, "నాకు ఇస్నోఫీలియా వుంది సార్" అని జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు.

ఈ మాటను ముందు కాస్త సరిచేసుకోవాలి. ఇస్నోఫీలియా అంటే రక్తంలో ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు వుండవలసిన దానికన్నా ఎక్కువగా వున్నాయని మాత్రమే అర్థం. జ్వరం అంటే ఒళ్లు వెచ్చబడిందని అర్థమైనట్టే ఇదీనూ. ఆ వెచ్చదనం మలేరియా వల్లనా, టైఫాయిడ్ వల్లనా అన్నది జ్వరం అనే మాట చెప్పదు. కడుపులో నులిపురుగులు వున్నా ఇస్నోఫిల్స్ పెరుగుతాయి. కొన్ని మందులు పడకపోయినా పెరుగుతాయి. ఎలర్జీలోనూ పెరుగుతాయి.

ఇస్నోఫీలియా పేరుతో ఒక అసలు జబ్బు లేకపోలేదు. దానికీ మన ప్రాంతానికీ దగ్గరి సంబంధం వుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నాటి క్షయ ఆసుపత్రి వుంది కదా. అక్కడ పెద్ద డాక్టరుగా పనిచేసిన డెన్మార్కు దేశస్థుడు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే మరో వైద్యుడితో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం రాశారు. క్షయలాగే కనిపించి క్షయ కాని ఒక జబ్బును గురించి ఆ వ్యాసం. దగ్గు, ఆయాసం, సన్నజ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు, రక్తంలో విపరీతంగా ఇస్నోఫిల్స్. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 81 మంది రోగుల వివరాలు రాసి దీనికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అని పేరుపెట్టారు. తరువాతి దశాబ్దాల్లో తేలిందేమిటంటే, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకుపోతే, వాటి మీద శరీరం చేసే యుద్ధమే ఈ జబ్బు. ఇందులో మైక్రోలీటరు రక్తంలో ఇస్నోఫిల్స్ 3000 దాటిపోతాయి. ప్రధానంగా రాత్రిపూట దగ్గు, ఆయాసం. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజిన్ మాత్రలు మూడు వారాలు వాడితే సాధారణంగా లొంగుతుంది.

పొద్దున్నే తుమ్మే మనిషి సంగతి వేరు. ఆయన ఇస్నోఫిల్స్ 500 లోపలే వుండవచ్చు, కాస్త పైన వుండవచ్చు. ఆయన ఊపిరితిత్తులలో పురుగులూ లేవు, ఏమీ లేవు. కనుక "ఇస్నోఫీలియా కోర్సు" ఎన్నిసార్లు వాడినా ఆ తుమ్ములు పోవు. అయినా వాడుతూనే వుంటారు! ఆ జబ్బు అసలు పేరు ముక్కు ఎలర్జీ. ముక్కు లోపలి శ్లేష్మపు పొరలో అదెలా పుడుతుందో తెలిస్తే, ఏ మందు ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు ప్రమాదమో మీకే అర్థమవుతుంది.

మన ఒంట్లోకి బయటి క్రిమి ఏది వచ్చినా దాన్ని పట్టుకోవడానికి రక్తంలో కొన్ని మాంసకృత్తులు తయారవుతాయి. వాటినే యాంటీబాడీలు అంటాము. మశూచి, పోలియో టీకాలు పనిచేసింది వీటి ద్వారానే. ఇందులో ఐదు తరగతులున్నాయి. ఎలర్జీకి కారణమయ్యే తరగతి పేరు ఐ.జి.ఇ. రక్తంలో మిగతా వాటితో పోలిస్తే ఇది వేలల్లో ఒక వంతు కూడా వుండదు. అందుకే ఇది చాలాకాలం దొరకలేదు.

దొరికిన కథ బాగుంటుంది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు వైద్యులుండేవారు. క్యూస్ట్నర్‌కు ఉడికించిన చేప పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఆయన రక్తంలోంచి సీరం తీసి ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు సరిగ్గా ఆ చోటనే చేప రసం ఎక్కించుకున్నారు. కాసేపట్లో అక్కడ ఎర్రగా దద్దురు లేచింది! చేప తింటే ఏమీ కాని మనిషికి, ఇంకొకరి సీరంతో ఎలర్జీ వచ్చిందన్నమాట. అంటే ఎలర్జీ అనేది నరాల బలహీనతా కాదు, మనసులోని భ్రమా కాదు, రక్తంలో ఏదో పదార్థం వున్నది. ఆ పదార్థం ఏమిటో తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలో డెన్వర్ నగరంలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దాన్ని పట్టుకున్నారు. వాళ్లు కూడా తమ వీపుల మీదే పరీక్షలు చేసుకున్నారు. అదే రోజుల్లో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ వేరే దారిలో అక్కడికే చేరుకున్నారు. 1968లో దానికి ఐ.జి.ఇ. అన్న పేరు స్థిరపడింది.

ఇక ముక్కులో జరిగేది చూద్దాం. మీ ఇంటి దిండులో దుమ్ము వుంది. దాని రేణువు మీ ముక్కులోని తడిపొర మీద వాలుతుంది. అది విషం కాదు, క్రిమి కాదు, మిమ్మల్ని ఏమీ చేయదు. నూటికి ఎక్కువమంది శరీరాలు దాన్ని పట్టించుకోవు. కొందరి శరీరం మాత్రం దాన్ని పురుగు అనుకుంటుంది. ఎందుకంటే ఈ ఐ.జి.ఇ., ఈ ఇస్నోఫిల్స్ ప్రధానంగా ఒంట్లో చేరే పురుగుల మీద యుద్ధానికి ఏర్పడిన సైన్యం. ఆరోగ్యవరం రోగులలో ఆ సైన్యం అసలు శత్రువు మీదకే వెళ్లింది. తుమ్ముల మనిషిలో దుమ్ము మీదకు వెళుతుంది. ఇలా పొరబడే గుణం చాలావరకు వంశంలో వస్తుంది. తల్లికో తండ్రికో ఉబ్బసమో, ముక్కు ఎలర్జీయో, చిన్నప్పుడు గజ్జి లాంటి ఎగ్జిమాయో వుంటే పిల్లలకు అవకాశం ఎక్కువ.

మొదటిసారి ఆ రేణువు వచ్చినప్పుడు మీకేమీ తెలియదు. లోపల మాత్రం దాన్ని గుర్తుపట్టే ఐ.జి.ఇ. తయారవుతుంది. అది రక్తంలో రెండు మూడు రోజులకన్నా ఎక్కువ తిరగదు. వెళ్లి ముక్కు పొర కింద కాపలా వుండే మాస్ట్ కణాల ఒంటికి అతుక్కుంటుంది. అక్కడైతే వారాల తరబడి వుంటుంది. ఒక్కొక్క మాస్ట్ కణం మీద ఇవి లక్షకు పైగా వుండగలవు. ఆ కణం కడుపు నిండా హిస్టమిన్ అనే రసాయనం చిన్న చిన్న మూటలు కట్టి వుంటుంది.

"ఇరవై ఏళ్లుగా ఇదే ఇంట్లో వుంటున్నాం, ఇన్నాళ్లూ లేని ఎలర్జీ ఇప్పుడెందుకు వస్తుంది?" అని వాదించే వారికి ఇదే జవాబు. ఇన్నాళ్లూ వున్నారు గనుకనే వచ్చింది. ఆ కణాల మీద ఐ.జి.ఇ. పేరుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు.

అలా సిద్ధమైన తరువాత మళ్లీ ఆ రేణువే వచ్చిందనుకోండి. ఒక్క యాంటీబాడీ దాన్ని పట్టుకుంటే ఏమీ జరగదు. పక్కపక్కనున్న రెండు యాంటీబాడీలు ఒకే రేణువును చెరోవైపు పట్టుకుంటేనే ఆ కణానికి సంకేతం అందుతుంది. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు కదా. అందిన కొద్ది నిమిషాల్లోనే మూటలు విచ్చుకుంటాయి. హిస్టమిన్ నరాల కొసలను తాకితే నవ, తుమ్ములు. గ్రంథుల పనిని పురికొల్పితే నీళ్లు. సన్నని రక్తనాళాలను వదులుచేస్తే వాపు. ఇది మొదటి విడత. అరగంటో గంటో వుండి తగ్గుతుంది.

అక్కడితో అయిపోతే బాగానే వుండును. నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత రెండో విడత వస్తుంది. మాస్ట్ కణాలు పంపిన కబురు అందుకుని ఇస్నోఫిల్స్ రక్తంలోంచి ముక్కు పొరలోకి వచ్చి మకాం వేస్తాయి. ఈసారి తుమ్ములు తక్కువ, దిబ్బడ ఎక్కువ. రోజూ ఇలా జరుగుతూ వుంటే ఆ పొర ఎప్పుడూ ఉబ్బే వుంటుంది, వాసనలు తెలియవు, రాత్రి నోటితో ఊపిరి పీల్చాలి, గురక. అలా రేగివున్న పొరకు అగరొత్తుల పొగ, దోమల బత్తి పొగ, మిరపకాయల తాలింపు ఘాటు, బెల్లం వండే గానుగల దగ్గరి పొగ, ఏది తగిలినా తుమ్ములే. వీటికి యాంటీబాడీలతో పనిలేదు. పుండు మీద ఉప్పు తగిలినట్టు మంటపెడతాయి, అంతే. సాంబ్రాణి పొగకు తుమ్మగానే నాకు సాంబ్రాణి ఎలర్జీ అనుకోనక్కరలేదు. అయితే పొగకు దూరంగా వుండాలి.

ఇప్పుడు మందుల సంగతి. జనం ఎక్కువగా వాడేవి హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు. నవకు, తుమ్ములకు, నీళ్లకు బాగా పనిచేస్తాయి. రెండో విడతలో వచ్చే దిబ్బడకు అంతగా పనిచేయవు. ఆ దిబ్బడంతా హిస్టమిన్ ఒక్కదాని పని కాదు గనుక. పాత రకం మాత్రలు, క్లోర్‌ఫెనిరమిన్ వంటివి, చవక. కాని మత్తు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సో జీపో నడిపేవారు ఇవి వేసుకుని స్టీరింగు పట్టుకోకూడదు. మోటారు సైకిలు వాళ్లకూ ఇదే మాట. ప్రోస్టేట్ పెరిగిన ముసలివారికి మూత్రం బంధించవచ్చు, గ్లాకోమాలో కొన్ని రకాల వారికి కంటి ఒత్తిడి పెరగవచ్చు. లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి కొత్త రకాలలో మత్తు చాలా తక్కువ. సెటిరిజిన్ ఈ రెంటికీ మధ్యన వుంటుంది, కొందరికి మత్తు చేస్తుంది.

నెలల తరబడి బాధపడేవారికి అసలు మందు ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే. ఫ్లూటికసోన్, మొమెటసోన్, బుడెసొనైడ్ అని రకాలున్నాయి. స్టిరాయిడ్ అనగానే ఇంట్లో అందరూ బెదిరిపోతారు. ఇది ముక్కు పొరలోనే పనిచేస్తుంది, ఒంట్లోకి చేరేది బహు స్వల్పం. ఇస్నోఫిల్స్ మకాం ఎత్తివేయించేది ఇదే. రెండు రోజులు కొట్టుకుని, గుణం కనబడలేదని అవతల పారేస్తారు. దీని పూర్తి గుణం తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొట్టుకునే తీరు కూడా వుంది. తల కొద్దిగా ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, గొట్టం కొనను కంటి బయటి కొసవైపు తిప్పి కొట్టాలి. నడిమి గోడ మీద పడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకూడదు. పీలిస్తే మందు గొంతులోకి పోతుంది.

ఇంత భద్రమైన మందుకు బెదిరే మనమే, బెదరవలసిన చోట బెదరం. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే తెల్ల చిన్న మాత్రలు, డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఇవి కూడా స్టిరాయిడ్లే. మింగితే ఒళ్లంతా పాకుతాయి. తుమ్ములు ఒక్క రోజులో మాయం. ఆ రుచి మరిగి, నెలకు రెండు అట్టలు మింగే గృహిణులు ఎందరో. ముఖం నిండుగా అవుతుంది. ఒళ్లు చేసిందని చుట్టాలు సంతోషిస్తారు! లోపల చక్కెర పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లం వస్తుంది. మన శరీరం తనకు కావలసిన స్టిరాయిడ్‌ను తయారుచేసుకోవడం మానేస్తుంది. "సీజనుకు ఒక్క ఇంజెక్షన్" అని వేసే వాటిలో చాలావరకు ఈ జాతివే. వాటి ప్రభావం వారాల తరబడి వుంటుంది, వద్దనుకున్నా వెనక్కి తీయలేము. మధుమేహం వున్నవారు ఆ సూదికి ఒప్పుకోనే కూడదు. అయితే ఇది చదివి, చాలా కాలంగా మింగుతున్నవారు ఈ రోజే టక్కున ఆపకండి. అది ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించి మానాలి.

ముక్కు దిబ్బడ విప్పే చుక్కల మందు ఇంకొక వల. జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ వంటివి వేసిన ఐదు నిమిషాలకు ముక్కు హాయిగా తెరుచుకుంటుంది. వరసగా ఐదు రోజులు దాటితే, మందు దిగగానే మునుపటికన్నా గట్టిగా మూసుకుంటుంది. మళ్లీ వేస్తారు. కొన్నాళ్లకు ఆ సీసా దిండు కింద లేనిదే నిద్రపట్టదు. మాంటెలుకాస్ట్ మాత్ర కూడా ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. నిద్రలో కలవరింతలు, చిరాకు, దిగులు వంటి మార్పులు కొందరిలో వస్తాయని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించింది, వుత్త ముక్కు ఎలర్జీకి దాన్ని చివరి మెట్టుగా వాడమన్నది. పిల్లలకు వాడుతున్న తల్లులు ఈ మార్పులు కనిపెట్టి చూడండి.

ఇంతకూ ఆ రేణువు ఎక్కడిది? పొద్దుటి తుమ్ములకు మొదటి ముద్దాయి మీ పరుపే. దూది పరుపుల్లో, బూరుగు దిండ్లలో, బొంతల్లో కంటికి కనబడని పురుగులుంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడోవంతు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అవి విసర్జించే రేణువులే మనకు పడనివి. రాత్రంతా ముఖం ఆ దిండులో పెట్టుకుని పీలుస్తాము, లేస్తూనే తుమ్ముతాము. తేమ వుంటే ఇవి పెరుగుతాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గోడలు చెమ్మగిల్లి బూజు కూడా తోడవుతుంది. మిగతా నెలల్లో రాయలసీమ ఎండ వుండనే వుంది. పరుపులు, దిండ్లు మిద్దె మీద మండుటెండలో పరిచి, పడని మనిషిని దూరంగా పంపి, ఇంకెవరైనా దులపండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి బాగా మరిగిన వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. సంక్రాంతి ముందు అటకలు దించి బూజు దులిపే పని తుమ్ముల వాళ్లకు అప్పగించకండి. చీపురుకన్నా తడిగుడ్డ మేలు.

బయటి రేణువుల్లో గాలికి ఎగిరే పుప్పొడి ముఖ్యం. గడ్డి జాతులు, ఆముదం, ముళ్లతోటకూర, సర్కారు తుమ్మ వంటివి. అన్నింటినీ మించింది వయ్యారిభామ. 1950లలో పూణే దగ్గర మొదట గుర్తించిన ఈ కలుపు ఇప్పుడు ఖాళీ జాగా కనబడితే చాలు మొలుస్తుంది. చర్మానికి తగిలితే దురద పుండ్లు అని అందరికీ తెలుసు. దాని పుప్పొడి ముక్కు ఎలర్జీ కూడా తెస్తుందని బెంగళూరు పరిశోధనల్లో తేలింది. పూతకు రాకముందే, చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకించండి. చాలామంది తప్పంతా మామిడి పూత మీద వేస్తారు. ఆ పుప్పొడి జిగట, ఎక్కువగా ఈగలు మోయవలసిందే. తోటలోనే పనిచేసేవారి మాట వేరు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుగూళ్ల పని చేసేవారికి ఇంకొక మాట. గూళ్ల నుంచి దారం తీసేవారిలో ఎలర్జీ, ఉబ్బసం కనిపిస్తాయని కర్ణాటకలో 1980లలో జరిగిన పరిశీలనలు చెప్పాయి. సెలవు రోజుల్లో తగ్గి, పనిలోకి వెళ్లగానే తిరగబెడితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

తిండి గురించి. పెరుగు, అరటిపండు, జామకాయ, వంకాయ మానిపించి పిల్లల్ని సగం చేస్తున్నారు. వుత్త ముక్కు ఎలర్జీకి తిండి కారణం కావడం బహు అరుదు. ఈ మధ్య వేలు ఖర్చుపెట్టి, ఒకే రక్తపు చుక్కతో వంద పదార్థాల పరీక్ష చేయించుకుని ఆ కాగితం పట్టుకుని వస్తున్నారు. అందులో వేరుశెనగకు ఐ.జి.ఇ. వుందని వస్తే వుండవచ్చు. రోజూ వేరుశెనగ చట్నీ తిని హాయిగా వున్న పిల్లవాడికి ఆ కాగితం చూసి మానిపించవద్దు. యాంటీబాడీ వుండడం వేరు, జబ్బు వుండడం వేరు. తినగానే దద్దుర్లో, ఆయాసమో, పెదవుల వాపో వచ్చివుంటే మాత్రం అది ఎలర్జీయే, ఆ పదార్థం జోలికి పోకూడదు. చర్మం మీద సూదితో గుచ్చి చేసే పరీక్ష తెలిసినవారి చేత చేయించుకుంటే పనికివస్తుంది. దానికి వారం ముందు నుంచే హిస్టమిన్ మాత్రలు ఆపాలి. ఆ రేణువునే కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి శరీరానికి అలవాటు చేసే పద్ధతి లండన్‌లో 1911 నుంచీ వుంది. మూడు నుంచి ఐదేళ్ల ఓపిక కావాలి.

ఖర్చు లేని సాయం ఒకటి వుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. మన జలనేతి అదే. పావు లీటరు నీటికి పావు నుంచి అర చెంచా ఉప్పు. నీళ్లు మాత్రం మరగకాచి చల్లార్చినవే అయివుండాలి. కుళాయి నీళ్లు, చెరువు నీళ్లు ముక్కులోకి ఎక్కించుకుంటే మెదడుకు పాకే ప్రాణాంతకమైన అమీబా ఒకటి వుంది. కేరళలో 2024, 2025లలో దాని వల్ల ప్రాణాలు పోయాయి.

బడికి వెళ్లే పిల్లలను ఒకసారి చూడండి. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి పదే పదే రుద్దుతూ వుంటారు. మురికి అలవాటని తల్లులు తిడతారు. ముక్కు మీద అడ్డంగా ఒక సన్న గీత పడివుంటుంది, కళ్ల కింద నలుపు. రాత్రి నిద్ర సరిగా లేక పగలు తరగతిలో తూగుతారు, చదువులో వెనకబడ్డాడంటారు. ముక్కుకు వైద్యం చేయించండి. అలాగే ముక్కు ఎలర్జీ వున్న మనిషికి రాత్రి దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం మొదలైతే ఊపిరి పరీక్ష చేయించాలి. పొర ఒకటే, ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా. ఒకవైపు ముక్కే ఎప్పుడూ మూసుకుపోతున్నా, ఒకవైపు నుంచే రక్తమో చీమో వస్తున్నా అది ఎలర్జీ లెక్కలోకి రాదు. చిన్నపిల్లలైతే బలపమో గింజో దూర్చుకుని వుండవచ్చు. పెద్దవాళ్లయితే ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి.